మెట్ల బొమ్మతో వచ్చిన తిప్పలు: సోషలిజం, కమ్యూనిజంపై అపోహలు - వాస్తవాలు

చెన్నై అన్నానగర్‌లో సివిల్స్‌కు చదివే పిల్లలకు పదకొండేళ్లుగా రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మార్క్స్ పేరు బోర్డు మీద రాయగానే నోట్సుల్లో మూడు మెట్లు గీసేస్తారు: కింద పెట్టుబడిదారీ విధానం, మధ్యలో సోషలిజం, పైన కమ్యూనిజం. ఏ గైడు తెరిచినా అదే బొమ్మ. మార్కులు కూడా పడతాయి కాబట్టి కొట్టేయమని చెప్పలేను. టెన్షనంతా నాదే.

అపోహ: సోషలిజం మధ్య మెట్టు అన్నది మార్క్సే.

మార్క్స్, ఆయన సహచరుడు ఎంగెల్స్ చాలాచోట్ల ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడారు. గోథా పట్టణంలో జర్మన్ సోషలిస్టులు పెట్టుకున్న పార్టీ కార్యక్రమాన్ని తప్పుపడుతూ 1875లో రాసిన ‘గోథా కార్యక్రమ విమర్శ’లో మార్క్స్ చెప్పింది కమ్యూనిస్టు సమాజానికే మొదటి దశ, ఉన్నత దశ అని. అది ఆయన బతికుండగా అచ్చు కాలేదు, 1891లో ఎంగెల్స్ వేయించాడు. మొదటి దశనే మామూలుగా సోషలిజం అంటారని 1917లో ‘రాజ్యం - విప్లవం’లో లెనిన్ రాశాక ఆ పేరు స్థిరపడిపోయింది.

మార్క్స్ చెప్పిన సంధికాలం వేరు. అది పెట్టుబడిదారీ సమాజానికీ కమ్యూనిస్టు సమాజానికీ నడుమ, శ్రామికవర్గ నియంతృత్వం, అంటే రాజ్యాధికారం శ్రామికవర్గం చేతిలో ఉండి నడిచే కాలం. పిల్లలు ఒకే మెట్టుగా గీసేదాంట్లో ఈ సంధికాలం, కమ్యూనిజం మొదటి దశ రెండూ కలిసిపోయాయన్నమాట.

అపోహ: సోషలిజం అంటే అందరికీ సమానంగా పంచడం.

మా పక్క సందులో ఒక ఆంధ్రా మెస్ ఉంది. నెల మొదట్లో డబ్బు కడితే టోకెన్ల పుస్తకం ఇస్తారు. భోజనానికి వెళ్లినప్పుడల్లా గల్లాపెట్టె దగ్గర ఒకటి చించి మేకుకు గుచ్చుతారు. ఆ టోకెన్ మళ్లీ ఎవరి చేతికీ రాదు. దాన్ని వడ్డీకి తిప్పలేం, కూడబెట్టి మెస్సు కొనలేం. మొదటి దశలో పనివాడికి ఇచ్చే చీటీ అలాంటిదే: ఇన్ని గంటలు పనిచేశావని రాసిస్తారు, దానికి తగిన సరుకులు తెచ్చుకుంటాడు. మార్క్స్‌కు ముందుతరం బ్రిటిష్ సోషలిస్టు రాబర్ట్ ఓవెన్ చెప్పిన ఇలాంటి శ్రమ చీటీని మార్క్స్ ‘పెట్టుబడి’లో నాటకం టికెట్టుతో పోల్చాడు. అయితే చేసిన శ్రమంతా చేతికి రాదు. అరిగిన యంత్రాలకు, ఆపదలకు, బడులకు, వైద్యానికి, పని చేయలేనివాళ్లకు ముందే తీసి పక్కన పెట్టాలి.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఇద్దరు ఎనిమిదేసి గంటలు పనిచేశారు. ఒకడు ఒంటరి, రెండోవాడికి ముగ్గురు పిల్లలు. చీటీలు సమానమే, ఇంట్లో కంచాలు కావు. ఈ లోపం మార్క్స్ దాచలేదు. దాన్ని బూర్జువా హక్కు, అంటే పెట్టుబడిదారీ సమాజం నాటి హక్కే అన్నాడు, పాత సమాజం కడుపులోంచి పుట్టినదానికి ఆ పుట్టుమచ్చలు తప్పవన్నాడు. ‘శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ ఫలం’ అన్నది ఉన్నత దశ మాట.

ఒకసారి వెనక బెంచీ అబ్బాయి లేచి, “మరి మా అమ్మ ఇంట్లో చేసే పనికి చీటీ ఎవరిస్తారు సార్?” అన్నాడు. ‘గోథా’లో దానికి జవాబు దొరకదు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో ఆ ప్రశ్న నేనే అడుగుతున్నాను.

అపోహ: రష్యాలో కమ్యూనిజం వచ్చి కూలింది.

వచ్చిందని వాళ్లే చెప్పుకోలేదు. దేశం పేరులో ఉన్నది సోషలిస్టు. 1936 రాజ్యాంగం 12వ అధికరణలో ఉన్నది ‘శక్తి కొద్దీ పని, పనిని బట్టి ఫలం’. 1980 కల్లా కమ్యూనిజం ప్రాథమికంగా కట్టేస్తామని 1961లో పార్టీ ప్రకటించింది. గడువు దగ్గరపడేసరికి, సోవియట్ నేత బ్రెజ్నెవ్ కాలంలో ‘అభివృద్ధి చెందిన సోషలిజం’ అని మధ్యలో ఇంకో మెట్టు వేశారు. చైనా పార్టీ అయితే తాము సోషలిజం ప్రాథమిక దశలోనే ఉన్నామని 1987లో తేల్చింది. వీటిని మార్క్స్ చెప్పిన మొదటి దశగా ఒప్పుకోవాలా అన్నది మార్క్సిస్టుల మధ్యే తెగని తగవు.

అపోహ: మన రాజ్యాంగంలోని ‘సోషలిస్టు’ ఆ దారిలోదే.

కాదు. 1955 జనవరిలో ‘సోషలిస్టు తరహా సమాజం’ అని కాంగ్రెస్ తీర్మానించింది ఇక్కడే, ఆవడిలో. అక్కడి నుంచి రోజూ క్లాసుకు వచ్చే అమ్మాయికే ఈ సంగతి తెలియదు! పీఠికలోకి ఆ మాట 1976లో, 42వ సవరణతో వచ్చింది. దాన్ని తీసేయమన్న పిటిషన్లను 2024 నవంబరులో కొట్టేస్తూ సుప్రీంకోర్టు దానికి సంక్షేమ రాజ్యమన్న అర్థమే చెప్పింది, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డం కాదంది. జవాబుపత్రంలో దీన్ని తీసుకెళ్లి ‘గోథా’ పక్కన అతికిస్తే నేనైతే మార్కులు కోసేస్తాను.