చిప్పు తీసేశాక చోటు పేచీ

శ్రీకాకుళం జిల్లా మడపం టోల్ ప్లాజాలో కారు ఆగీ ఆగకుండానే డబ్బు కట్ అవుతోందంటే, అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లోని చిన్న చిప్ వల్లే. కారుకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. అదే పలాస నుంచి వెళ్లే ప్రతి జీడిపప్పు ప్యాకెట్‌కీ ఒక చిప్ అంటించాలంటే వ్యాపారి వెనకాడతాడు. చిప్‌లెస్ ట్యాగ్, అంటే చిప్ లేకుండానే రేడియో తరంగంతో సరుకును గుర్తుపట్టే ట్యాగ్, ఆలోచన బలపడింది ఈ లెక్క దగ్గరే.

1999లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన ఆటో-ఐడీ సెంటర్, ట్యాగ్ ధరను 5 సెంట్లకు దించాలని గురిపెట్టుకుంది. 2003లో వాల్‌మార్ట్, సరుకు పెట్టెలకు ఇలాంటి ట్యాగులు అంటించాలంటూ తన పెద్ద సప్లయర్లకు 2005 జనవరి గడువు పెట్టింది. ధర మాత్రం అనుకున్నంత త్వరగా దిగలేదు. చిప్ తయారీ ఒక ఖర్చు, దాన్ని యాంటెన్నాకు అతికించడం ఇంకో ఖర్చు. చిప్పునే తీసేస్తే పోలేదా అన్న పట్టుదల అలా పెరిగింది.

నిజానికి చిప్ లేకుండా రేడియో తరంగానికి బదులివ్వడం పాత విద్యే. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు బహూకరించిన, అమెరికా రాజముద్ర చెక్కిన చెక్క పలకలో సోవియట్ ఆవిష్కర్త లియోన్ థెరెమిన్ తయారుచేసిన రహస్య మైకు ఉంది. దానికి బ్యాటరీ లేదు, బయటి నుంచి తరంగం తగిలితేనే పనిచేసేది. 1952 దాకా దొరకలేదు. షాపుల్లో దొంగతనం పట్టే 8.2 మెగాహెర్ట్జ్ ట్యాగూ చిప్ లేనిదే. కాకపోతే అది చెప్పేది ఒక్క బిట్టే, అంటే ట్యాగ్ ఉందా లేదా అన్నది మాత్రమే.

సరుకును గుర్తుపట్టాలంటే ఒక్క బిట్ చాలదు. అందుకని రాగి గీతలతో రెజొనేటర్లు గీస్తారు. ఒక్కోటీ ఒక్కో ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది, రీడర్ గ్రాఫ్‌లో అక్కడ గుంట పడుతుంది. గుంట ఉందా లేదా అన్నదే ఒక బిట్. 2009లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలా 35 బిట్ల ట్యాగ్ చూపించారు.

సైజు పేచీ మొదలైంది ఇక్కడే. రెజొనేటర్ గీత పొడవు సాధారణంగా సగం తరంగదైర్ఘ్యం దాకా ఉండాలి, 3 గిగాహెర్ట్జ్ దగ్గర అది 5 సెంటీమీటర్లు. బోర్డు మీద కొంత తగ్గుతుంది, గీతను చుట్టలా తిప్పితే ఇంకొంత చోటు కలిసొస్తుంది. కానీ మరీ దగ్గరగా పెడితే ఒకదాని ప్రభావం పక్కదాని మీద పడి గుంట జరిగిపోతుంది. కాలేజీ ల్యాబుల్లో వాడే చవక ఎఫ్‌ఆర్-4 బోర్డు మీదైతే గుంట లోతు తగ్గి వెడల్పవుతుంది, పక్క గుంటతో కలిసిపోతుంది. 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం దారి మార్చింది. ఫ్రీక్వెన్సీ ఎక్కడ ఉందన్నదాన్నీ, ఫేజ్‌నీ (తరంగం ఎంత ముందువెనకలుగా వచ్చిందన్నది) కలిపి కోడ్ చేసి, 2×4 సెంటీమీటర్ల చోటులో ఐదే రెజొనేటర్లతో దాదాపు 23 బిట్లు ఇమిడ్చింది.

ఆ తర్వాత పోటీ చాలావరకు చదరపు సెంటీమీటరుకు ఎన్ని బిట్లనే దాని చుట్టూ తిరుగుతోంది. అది చాలదని నా అభిప్రాయం. జీడిపప్పు రేకు డబ్బాల్లోనూ వెళుతుంది. వెనక గ్రౌండ్ ప్లేన్ (వెనకంతా పరిచిన రాగి పొర) లేని ట్యాగ్‌ను రేకుకు ఆనిస్తే ఫ్రీక్వెన్సీలు మారిపోతాయి, అసలే బలహీనమైన సిగ్నల్ ఇంకా పడిపోతుంది. రాజాంలోనో విజయనగరంలోనో ఈ ప్రాజెక్టు ఎత్తుకునే ఈసీఈ పిల్లలు సిమ్యులేషన్‌తో ఆగకుండా పలాస డబ్బా ఒకటి ల్యాబుకు తెచ్చుకోవాలి. గాలిలో వచ్చిన గ్రాఫ్ పక్కనే డబ్బా మీద వచ్చిన గ్రాఫూ రిపోర్టులో పెట్టాలి.