ఆరు నెలల దాకా ఆగే జబ్బు

సిరొంచ నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ అడిగారు: "సార్, సికిల్ సెల్ పుట్టుకతో వచ్చేదే కదా? మరి అయిదారు నెలలు బొద్దుగా ఆడుకున్న పిల్లలకు అన్నప్రాసన అయ్యాకే చేతులు, పాదాలు వాస్తాయేం? మా ఊళ్లో అందరూ దిష్టి అంటున్నారు."

అన్నం ముద్దదేం తప్పు లేదు, దిష్టీ కాదు. ముహూర్తం అలా కుదిరిందంతే. కాల్చిన మిరపకాయల ఘాటుకు బిడ్డ దగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో, అటు ఒడిశాలోని కోరాపుట్‌లో ఈ జబ్బు ఎక్కువ. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి, చేతులు, పాదాలు వాచేది అందుకే. కారణం, ఆ కణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఒకే ఒక్క తప్పు. కానీ కడుపులో ఉన్న బిడ్డ బీటాకు బదులు గామా గొలుసు వాడుకుంటుంది. అందులో తప్పు లేదు. పుట్టాక గామా జన్యువు మెల్లగా మూతపడుతుంది, బీటా పైకొస్తుంది, జబ్బు బయటపడుతుంది.

గామాను మూసేది ఎవరు? ముఖ్యంగా బీసీఎల్-11ఏ అనే ప్రోటీన్. 2008లో దీని గుట్టు తెలిసింది. గామా జన్యువు మొదలుకు సుమారు 115 డీఎన్ఏ అక్షరాల ముందు 'టీజీఏసీసీఏ' అనే వరుస ఉంటుంది. ఈ ప్రోటీన్ అక్కడ అతుక్కుని, జన్యువు పని ఆపేస్తుంది. పుట్టుకతోనే ఆ వరుసలో అక్షరం మారినవాళ్లలో గామా పెద్దయ్యాక కూడా ఆగదు, వాళ్లకు ఇబ్బందీ ఉండదు.

అయితే ఈ ప్రోటీన్‌ను తీసేస్తే సరిపోదా? అక్కడే చిక్కు. మెదడు ఎదగడానికి ఇదే కావాలి, రోగాలతో పోరాడే బీ కణాలు పుట్టడానికీ ఇదే కావాలి. దీని జన్యువు ఒక ప్రతి చెడినవాళ్లలో గామా హిమోగ్లోబిన్ ఎక్కువే ఉంటుంది, కానీ బుద్ధి ఎదుగుదల కుంటుపడుతుంది.

మెట్ల దగ్గరి బల్బును తలుచుకోండి. బల్బు ఒక్కటే, స్విచ్చి కింద ఒకటి, మేడ మీద ఒకటి. ఈ జన్యువుకూ అంతే, ఒక్కో రకం కణానికి ఒక్కో స్విచ్చి. స్విచ్చిలన్నీ ప్రతి కణంలోనూ ఉంటాయి, నొక్కే చెయ్యే వేరు. ఎర్రకణాలు కాబోయే ఎముక మజ్జ కణాల్లో ఆ చెయ్యి గాటా-1 అనే ప్రోటీన్. మెదడు కణంలో ఆ చెయ్యి లేదు, కాబట్టి అక్కడ ఎర్రకణాల స్విచ్చి ఉన్నా లేనట్టే. దాన్ని పగలగొట్టినా మెదడులో బల్బు వెలుగుతూనే ఉంటుంది! ఆ స్విచ్చి జన్యువు రెండో ఇంట్రాన్‌లో ఉందని 2013లో తేలింది. ఇంట్రాన్ అంటే ప్రోటీన్‌లోకి రాని భాగం. పాఠాల్లో దాన్ని 'పనికిరాని డీఎన్ఏ' అని దాటేసే మాస్టార్లకు ఈ సంగతి చెప్పాలి.

2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స సరిగ్గా ఆ ఎర్రకణాల స్విచ్చినే పగలగొడుతుంది. రోగి రక్తకణాలను పుట్టించే మూలకణాలను బయటికి తీసి, డీఎన్ఏను కత్తిరించే క్రిస్పర్ అనే పనిముట్టుతో గాటా-1 కూర్చునే చోటు కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. ఎర్రకణాల్లో బీసీఎల్-11ఏ తగ్గి, గామా మళ్లీ తెరుచుకుంటుంది. ఎక్కించే ముందు బలమైన కీమో తప్పదు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మన పిల్లలకు ఇప్పటికి దిక్కు హైడ్రాక్సీయూరియా మాత్ర. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే అదీ గామాను కొంత పెంచుతుంది.

టీచర్‌గారూ, ఇంకొకటి. గామా ఎక్కువగా ఉన్న పసివాళ్లలో సాల్యుబిలిటీ పరీక్ష (సికిల్ సెల్‌కు చేసే తొలి రక్తపరీక్ష) జబ్బు ఉన్నా లేదని చూపించవచ్చు. ఆరు నెలలలోపు బిడ్డకు ఆ పరీక్షలో 'లేదు' అని వస్తే నమ్మి ఊరుకోకండి, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించమనండి.