జేఎన్‌టీయూ సరే, చివర అక్షరం ఏది?

హైదరాబాద్ కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డ్ కాలనీ) రూమ్‌లో నాతో ఉన్న ఒకడు జేఎన్‌టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉన్న గుంటూరు వైపు కాలేజీలో బీటెక్, 2006 బ్యాచ్. ఉద్యోగంలో చేరి నెల కాకముందే వెరిఫికేషన్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది, ఫస్టియర్ మార్కుల మెమో మీద ఒక యూనివర్సిటీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఇంకోటి, మధ్యలో మారారా అని. వాడు ఎక్కడికీ మారలేదండీ, అదే కాలేజీ అదే లాస్ట్ బెంచి, యూనివర్సిటీయే వాడి కింద నుంచి మారిపోయింది. చివరికి హాల్‌టికెట్ నంబర్ చూపించుకున్నాడు: ముందు 06, తర్వాత కాలేజీ కోడ్, 1ఏ, సీఎస్ఈకి 05, ఆఖర్న వాడి నంబర్. నాలుగేళ్ల మెమోల మీదా ఒక్క అక్షరం తేడా లేదు.

సిటీలో జేఎన్‌టీయూ అంటే కూకట్‌పల్లే, మెట్రో స్టేషన్‌కి కూడా ఆ పేరే పెట్టారు కాబట్టి ఇదే అసలుది, మిగతావన్నీ బ్రాంచీలు అనుకుంటారు. వయసు లెక్కేస్తే ఇదే చిన్నది. కాకినాడ, అనంతపురం కాలేజీలు రెండూ 1946వి, మద్రాసు ప్రెసిడెన్సీ రోజులవి. కాకినాడది విశాఖలో మొదలైంది, పేరు కూడా వైజాగపటం ఇంజనీరింగ్ కాలేజీ. అనంతపురానిదైతే మొదట్లో క్లాసులు మద్రాసు గిండీలో జరిగేవి, 1948లో ఊరికి వచ్చింది. మన హైదరాబాద్ కాలేజీ 1965లో వచ్చింది, అది కూడా నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ పేరుతో, డ్యామ్ చూస్తే నూట యాభై కిలోమీటర్ల అవతల! వీటికి తోడు 1940 నాటి, అంటే నిజాం కాలం నాటి, ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఒకటి.

ఈ నాలుగింటినీ కలిపి కుట్టి 1972 అక్టోబర్ 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు, అప్పుడు సీఎం పీవీ నరసింహారావు. కోస్తా, సీమ, తెలంగాణ మూడూ ఒకే గొడుగు కిందకి వచ్చాయన్నమాట. సరిగ్గా మర్నాడే, అక్టోబర్ 3న, ముల్కీ రూల్స్ (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే నిజాం నాటి నిబంధనలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, దాని వెనకే ఆంధ్రకి వేరే రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరికల్లా పీవీ కుర్చీ పోయి రాష్ట్రపతి పాలన. ఇంత చెడ్డ ముహూర్తం ఇంకే యూనివర్సిటీకీ పెట్టి ఉండరు.

ఆ గొడవ చల్లార్చడానికి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371డీ అధికరణం, ఆ తర్వాత 1974లో అడ్మిషన్ల ఉత్తర్వు వచ్చాయి. ఎంసెట్ రాసినవాళ్లెవరూ మర్చిపోని ఓయూ లోకల్, ఏయూ లోకల్, ఎస్వీయూ లోకల్ అక్కడివే, 85 శాతం లోకల్‌కి, మిగతా 15 ఓపెన్. గమనించారా, జేఎన్‌టీయూ లోకల్ అనేది లేదు. ఇంజనీరింగ్ అంతా దాని చుట్టూ తిరిగినా గీతలు మాత్రం ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర అనే పాత మూడు యూనివర్సిటీల పేర్ల మీదే గీశారు.

తర్వాత ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. టెక్కలిలో రాసినా కుప్పంలో రాసినా రిజల్ట్ రావాల్సింది కూకట్‌పల్లి నుంచే, ఫెయిలై సప్లీ రాసినవాడు ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇరవై కట్టి పేజీ లోడ్ అయ్యేదాకా దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చునేవాడు (నేనూ కూర్చున్నా, ఎమ్-త్రీ, అంటే మ్యాథ్స్ మూడో పేపర్ కోసం).

2008లో వైఎస్ ప్రభుత్వం చట్టం చేసి నాలుగు ముక్కలు చేసింది: హైదరాబాద్ (జేఎన్‌టీయూహెచ్), కాకినాడ (జేఎన్‌టీయూకే), అనంతపురం (జేఎన్‌టీయూఏ), హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ ఆర్కిటెక్చర్‌కి వేరేగా ఒకటి. పంపకంలో నాకు ఆసక్తిగా అనిపించేది నెల్లూరు. కోస్తా జిల్లానే కదా, కాకినాడకి వెళ్లాలి, కానీ అనంతపురానికి వెళ్లింది, ఎందుకంటే 1974 లెక్కలో నెల్లూరు ఎస్వీయూ లోకల్. కాకినాడకి ఇచ్చిన జిల్లాలు చూడండి, ఏయూ లోకల్. హైదరాబాద్‌ది ఓయూ లోకల్. కొత్త గీతలేం గీయలేదు, పాత వాటి మీదే కత్తెర పెట్టారు.

దీనివల్ల ఒక మేలు జరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు నాంపల్లి తెలుగు యూనివర్సిటీ పంచాయితీ ఏళ్ల తరబడి సాగింది గానీ జేఎన్‌టీయూ దగ్గర కొట్టుకోవడానికి పెద్దగా ఏం మిగల్లేదు, ఆరేళ్ల ముందే ఎవరి వాటా వాళ్లకి వెళ్లిపోయింది కదా.

క్యాంపస్‌లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇటు కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జగిత్యాల కాలేజీ 2007లోనే వచ్చింది, తర్వాత మంథని, సుల్తాన్‌పూర్, ఈమధ్య సిరిసిల్ల, వనపర్తి, పాలేరు, మహబూబాబాద్. అటు పులివెందుల, కలికిరి, నరసరావుపేట. 2022లో విజయనగరం కూడా కాకినాడ నుంచి విడిపోయి గురజాడ పేరు పెట్టుకుంది, అంటే చివర తగిలించాల్సిన అక్షరాల్లో జీవీ కూడా చేరింది.

మా రూమ్మేట్ మాత్రం ఇప్పటికీ రెజ్యూమెలో ఉత్త జేఎన్‌టీయూ అనే రాస్తాడు. ఏ జేఎన్‌టీయూ అని అడిగితే, ఏ సెమిస్టర్ సంగతి అని ఎదురడుగుతాడు.