4294967297 ప్రధాన సంఖ్యేనా? పెద్ద సంఖ్యలపై అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో టెన్త్, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే బోర్డు మీద 4294967297 రాసి, ఇది ప్రధాన సంఖ్యేనా, అంటే 1తో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా పోనిదేనా అని అడుగుతాను. సగానికి పైగా చేతులు లేస్తాయి.

అపోహ: చివర 1, 3, 7, 9లలో ఒకటి ఉండి, 3 ఎక్కంలో పోకపోతే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: అంకెలన్నీ కూడితే 59, కాబట్టి 3తో పోదు. 7కి సూత్రమే లేదంటారు గానీ, ఉంది. 7, 11, 13 గుణిస్తే 1001. అందుకని కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి: 297 − 967 + 294 − 4 = −380. 380 ఈ మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి మన సంఖ్యా పోదు. ఇక్కడే పిల్లలకు నమ్మకం కుదిరిపోతుంది. వాళ్లను తప్పుపట్టను. 65536 వర్గానికి 1 కలిపితే వచ్చే ఈ సంఖ్యను ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా అంతటివాడే ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ విడగొట్టాడు: 641 × 6700417.

అపోహ: తేల్చాలంటే దానికంటే చిన్న సంఖ్యలన్నిటితో భాగించాలి.

వాస్తవం: వర్గమూలం దాకా చాలు. అంతకంటే పెద్ద కారణాంకం ఉంటే, దాని జోడీ అంతకంటే చిన్నదై ముందే దొరుకుతుంది. మన సంఖ్యకు 65536 లోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే సరి, అవి 6,542. అవన్నీ కూడా అక్కర్లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికిపోయింది! ఎన్నేళ్లుగా చెబుతున్నా, ఈ వరుస బోర్డు మీద రాసేటప్పుడు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: సంఖ్య పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువే.

వాస్తవం: 720720కి 240 కారణాంకాలున్నాయి. పది అంకెల 2147483647కి రెండే, 1, అదీ.

అపోహ: కారణాంకం దొరికితేనే ప్రధాన సంఖ్య కాదని చెప్పగలం.

వాస్తవం: చాలామంది ఒప్పుకోనిది ఇదే. 67 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి 1 తీసేస్తే వచ్చే 147573952589676412927 ప్రధాన సంఖ్య కాదని 1876లోనే ఫ్రెంచ్ గణితవేత్త లూకా తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా దొరక్కుండానే. అవి బయటపడింది 1903లో, అమెరికా గణితవేత్త కోల్ చేతిలో. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన పద్ధతి కూడా ప్రధానమా కాదా అన్నదే కచ్చితంగా చెబుతుంది, కారణాంకాలు చెప్పదు.

కోల్‌కు దొరికినవి 193707721, 761838257287. వాటిని గుణించి చూడమని పిల్లలకు ఇస్తాను, క్యాల్క్యులేటర్ లేకుండా.