బ్యాటరీ మొత్తం దిగాకే ఛార్జింగ్ పెట్టాలా? ఎలక్ట్రిక్ బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచారంటే నల్లగొండలో మా సర్వీస్ సెంటర్‌కు ఒకే రకం కేసులు వరుసగా వస్తాయి. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి వచ్చారు, బండి తీశారు, డిస్‌ప్లే వెలగదు. ఛార్జర్ పెడితే పచ్చ లైటే వస్తుంది. "పచ్చ లైటంటే ఫుల్ అయినట్టే గదా సార్, మరి బండి ఎందుకు లేస్తలేదు?" అంటారు. చాలా ఛార్జర్లలో కరెంటు బ్యాటరీలోకి పోకపోయినా పచ్చ లైటే వెలుగుతుంది. బ్యాటరీ అప్పటికే కరెంటు తీసుకోవడం మానేసింది.

వెళ్లేటప్పుడు ఛార్జింగ్ ఎంత ఉందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "నాలుగో ఐదో శాతం ఉండె. మొత్తం దిగినంకనే పెట్టాలంటరు గదా, వచ్చినంక పెడదామనుకున్న."

మా దగ్గరకు వచ్చిన బ్యాటరీల్లో వానకు, గుంతల రోడ్లకు పాడైనవాటి కంటే ఈ ఒక్క నమ్మకానికి పాడైనవే ఎక్కువ. అందుకే మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

పూర్తిగా దించి పూర్తిగా నింపాలన్న మాట పాత కార్డ్‌లెస్ ఫోన్ల కాలం నాటిది. వాటిలో నికెల్ కాడ్మియం సెల్స్ ఉండేవి, సగంలో ఛార్జ్ చేస్తే కెపాసిటీ తగ్గినట్టు ప్రవర్తించేవి. లిథియం సెల్‌కు ఆ గుణమే లేదు. తక్కువ స్పీడు బండ్లలో వచ్చే లెడ్ యాసిడ్‌కు కూడా ఈ సలహా పనికిరాదు. దాన్ని దించి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి త్వరగా పోతుంది.

దీనికి తోడు ఇంకో భయం: ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ (బ్యాటరీ ఆయుష్షును లెక్కించే కొలత, ఒకసారి పూర్తిగా నింపి వాడినంత) అయిపోతుందని. అలా లెక్కించరు. ఇవాళ సగం, రేపు సగం నింపితే రెండూ కలిపి ఒక్క సైకిలే. క్లాక్ టవర్ నుంచి పానగల్ వైపు ఎలక్ట్రిక్ ఆటో తిప్పే ఒకాయన మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కాసేపు, రాత్రి కాసేపు ఛార్జింగ్ పెడతాడు. తోటి డ్రైవర్లు "ఊకె పెడితే బ్యాటరీ ఖరాబైతది" అని ఆయన్ను ఆపబోయారు. మూడో ఏడు నడుస్తున్నా ఆయన బ్యాటరీ బాగానే ఉంది.

సున్నాకు దిగి ఊరుకుంటే లోపల ఏం జరుగుతుందంటే, బండి ఆఫ్‌లో ఉన్నా బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు) కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. ఫోన్ యాప్‌తో కలిసి ఉండే బండ్లలో ఇంకాస్త ఎక్కువ. తిప్పర్తి వైపు ఊళ్లో పనిచేసే ఒక టీచరమ్మ బండి అలాగే వచ్చింది. ప్యాక్ విప్పి మీటర్ పెట్టాను. పద్నాలుగు సెల్ గ్రూపులు వరుసగా ఉన్న ఎన్‌ఎంసీ అనే రకం లిథియం ప్యాక్ అది. ఒక్కో గ్రూపు నిండితే 4.2 వోల్టులు, ఎంత దిగినా 3 దగ్గర ఆగాలి. అంటే మొత్తం మీద 42కు తగ్గకూడదు. మీటర్ 26 చూపించింది. రెండు గ్రూపులైతే ఒక వోల్టు కూడా లేవు. "ఈఎంఐ ఇంకా ఏడాదిన్నర కట్టాలి సార్" అని ఆమె అక్కడే కుర్చీలో కూలబడిపోయింది. ఇలా దించేసిన బ్యాటరీకి వారంటీ వర్తించదన్నారు కంపెనీవాళ్లు. నిబంధన కార్డు మీద ఉంది, చిన్న అక్షరాల్లో. బండి ఇచ్చేటప్పుడు ఆ ఒక్క ముక్క ఆమెకు నోటితో చెప్పి ఉంటే సరిపోయేది.

ఇలాంటి ప్యాక్‌ను బీఎంఎస్ తప్పించి బయటి నుంచి కరెంటు ఎక్కించి "లేపి ఇస్తాం" అనేవాళ్లు దొరుకుతారు. దయచేసి చేయించకండి. వోల్టేజీ అంత కిందికి దిగితే సెల్ లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. అది ఇంట్లో, రాత్రి పూట, అందరూ నిద్రలో ఉన్నప్పుడు జరగొచ్చు.

ఇరవై, ముప్పై శాతానికి వస్తే ఛార్జింగ్ పెట్టండి, యాభై ఉన్నా పెట్టొచ్చు. వారాల తరబడి ఊరెళ్తుంటే యాభై, అరవై శాతం ఉంచి నీడలో పెట్టండి. అంతకంటే పెద్ద కిటుకేం లేదు.

ఎల్‌ఎఫ్‌పీ (ఇంకో రకం లిథియం) బ్యాటరీ ఉన్నవాళ్లకు ఒక్క తేడా. ఆ సెల్స్ వోల్టేజీ మధ్యలో చాలాసేపు మారకుండా ఉంటుంది కాబట్టి బండి శాతాన్ని అంచనా వేయడంలో తప్పుతుంది. "ముప్పై చూపించి టక్కున ఆగింది" అని వచ్చే కేసుల్లో చాలా వరకు బ్యాటరీ బాగానే ఉంటుంది. అప్పుడప్పుడు వంద దాకా నింపితే సెల్స్ సమానమై లెక్క సరిపోతుంది. ఎన్నాళ్లకోసారి అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది.

ఎండ సంగతి మన దగ్గర చిన్న విషయం కాదు. మేలో 44, 45 డిగ్రీల్లో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకండి. గంటసేపు చల్లారనిచ్చి, వీలైతే రాత్రి పెట్టండి. ఇంట్లోంచి బయటికి ఒక్కటే దారి ఉంటే ఆ దారిలో మాత్రం పెట్టొద్దు, మంట లేస్తే బయటపడలేరు.

ఛార్జర్ పిన్ను సరిపోయింది కదా అని పక్కింటివాళ్లది తెచ్చి పెట్టడం కూడా చూస్తున్నాను. పదమూడు గ్రూపుల ఎన్‌ఎంసీ ప్యాక్‌కు 54.6 వోల్టుల ఛార్జర్ కావాలి, పదహారు గ్రూపుల ఎల్‌ఎఫ్‌పీకి 58.4. పిన్ను రెండింటికీ ఒకటే ఉండొచ్చు. మొదటిదానికి రెండోది పెడితే బ్యాటరీని మంటకు దగ్గర చేసినట్టే.

ఇక మిగతావి. వానలో షాక్ కొడుతుందన్నది పుకారే. మంచి ప్యాక్‌లు నీళ్లు చొరకుండా ఐపీ67 రేటింగ్‌తో వస్తాయి. వరద నీళ్లలో నిలబెట్టకండి, తడి సాకెట్‌లో ప్లగ్గు పెట్టకండి, ఎర్తింగ్ సరిగ్గా చేయించుకోండి.

రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదన్నది 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండ్లకు మాత్రమే. మిగతావాటికి అన్నీ కావాలి. కాకపోతే 2024 నవంబర్‌లో వచ్చిన తెలంగాణ ఎలక్ట్రిక్ బండ్ల పాలసీలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు.

గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉచిత కరెంటు) జీరో బిల్లు పోతుందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే స్కూటర్‌కు నెలకు ముప్పై, నలభై యూనిట్లు పడతాయి. మీ ఇంటి వాడకం 150 ఉంటే 200 లోపే ఉంటారు. ఇప్పటికే 180 దాకా వస్తుంటే దాటుతుంది, అప్పుడు మొత్తం బిల్లు కట్టాలి. బండి కొనకముందే పాత బిల్లులు తీసి చూసుకోండి.

"దామరచర్లలో బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటే గదా, పొగ తగ్గిందెక్కడ?" అని ఓ కాలేజీ పిల్లాడు అడిగాడు. మంచి ప్రశ్న. వంద కిలోమీటర్లకు పెట్రోల్ స్కూటర్ రెండు లీటర్లు తాగితే నాలుగున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎలక్ట్రిక్‌కు మూడు, మూడున్నర యూనిట్లు కావాలి. దేశం మొత్తం కరెంటు సగటున చూస్తే అది రెండున్నర కిలోలు. అంటే దాదాపు సగం తగ్గినట్టే. సోలార్ పెరిగేకొద్దీ మీరు కొన్న బండితోనే అది ఇంకా తగ్గుతుంది.

రోజూ హైదరాబాద్ పోయి రావడానికి స్కూటర్ కొంటామని వచ్చేవాళ్లకు మాత్రం నేను వద్దనే చెబుతాను. పోను వందకు పైన, రాను వందకు పైన. కంపెనీ చెప్పే రేంజ్ హైవే స్పీడులో రాదు. ఆ దూరానికి ఆర్టీసీ బస్సే నయం, ఆడవాళ్లకైతే ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్టే లేదు. నగరం లోపలికి కూడా పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. స్కూటర్ మాత్రం ఊరి నుంచి బస్టాండ్ దాకా, బడి దాకా, మార్కెట్ దాకా కొనుక్కోండి. రోజుకు నలభై కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు రెండు కిలోవాట్ అవర్ల బ్యాటరీ చాలు, పెద్దదానికి అప్పు చేయక్కర్లేదు.