ఎనిమిది ఇన్‌పుట్‌లు, రెండే చానళ్లు: లైనక్స్ సౌండ్ కార్డుల వెనక కథ

చిత్తూరు జిల్లా ఊళ్లలో భారతం పెట్టారంటే పగలు హరికథ, రాత్రి నాటకం. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక హరికథను రికార్డు చేయాలని తిరుపతి నుంచి సామాను వేసుకుని వెళ్లాం. భాగవతార్ గొంతుకు ఒక మైకు, చిడతలకు ఒకటి, హార్మోనియానికి ఒకటి, మృదంగానికి రెండు. ప్రతి మైకూ విడి ట్రాక్‌గా పడాలి. అన్నీ కలిపి రెండు చానళ్లలో పోసేస్తే మృదంగం గొంతును మింగేసిన చోట ఇక చేసేదేమీ ఉండదు. ఆ భాగవతార్ మళ్లీ అదే ఊపుతో ఆ ఘట్టం చెప్తారన్న నమ్మకం ఎవరికీ లేదు కదా.

మా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎనిమిది ఇన్‌పుట్‌ల పీసీఐ కార్డు, అంటే కంప్యూటర్ లోపలి స్లాట్‌లో బిగించే సౌండ్ కార్డు. కొత్త విండోస్‌కి దాని డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రామ్) రాలేదు. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే కార్డు వెంటనే కనబడింది. కానీ ఎనిమిది చానళ్లు రికార్డు చేయమని కమాండ్ ఇస్తే స్క్రీన్ మీద ఒకే మాట: ‘చానల్స్ కౌంట్ నాన్ అవైలబుల్’, అంటే అన్ని చానళ్లు కుదరవని. రెండు అడిగినా అదే. అవతల జనం కూర్చున్నారు, మాకు ఒకటే టెన్షన్. ఆ రోజు మిక్సర్ నుంచి రెండు చానళ్లే ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని వచ్చేశాం. ఆ ఎర్రర్‌కు అర్థమేంటో ఇంటికొచ్చి తవ్వితే ముప్పై ఏళ్ల చరిత్ర బయటపడింది.

1992లో ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవొలైనెన్ లైనక్స్‌కి సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డు డ్రైవర్ రాశాడు. తర్వాత ఓఎస్‌ఎస్ (ఓపెన్ సౌండ్ సిస్టమ్) అని పేరుపడింది దీనికే. పద్ధతి చాలా తేలిక: కార్డు ఒక ఫైల్‌లా కనిపిస్తుంది, అందులో రాస్తే మోగుతుంది, చదివితే రికార్డవుతుంది. అప్పటి కార్డులు ఆటల కోసం, పాటలు వినడం కోసం వచ్చినవి. ఒకటో రెండో చానళ్లుంటే చాలనుకున్నారు, అందులో తప్పేమీ లేదు. ఎనిమిది ఇన్‌పుట్‌ల స్టూడియో కార్డులొచ్చాకే ఇబ్బంది మొదలైంది. వాటిని రెండేసి చానళ్ల చొప్పున నాలుగు వేర్వేరు పరికరాలుగా చూపించడం ఒక దారి. అప్పుడు నాలుగింటినీ ఒకే క్షణాన మొదలుపెట్టే బరువు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. ఒక్కటి కాస్త వెనకబడినా చిడతలు ఒకచోట, తాళం ఒకచోట పడతాయి.

చెక్ దేశస్థుడు యారొస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే కార్డుకు మంచి డ్రైవర్ కావాలని మొదలుపెట్టిన పని 1998 నాటికి ఆల్సా అనే కొత్త లైనక్స్ సౌండ్ వ్యవస్థ ప్రాజెక్టయింది. 2003 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 2.6తో ఓఎస్‌ఎస్ స్థానం దానికి దక్కింది. ఆల్సాలో నాకు బాగా నచ్చేది దాని నిజాయితీ. ఎన్ని చానళ్లు, ఏ వేగం, ఎన్ని బిట్లు అన్నది డ్రైవర్ ఉన్నదున్నట్టు చెప్తుంది, సాఫ్ట్‌వేర్ దానికి తగ్గట్టు నడుచుకోవాలి. అమెజాన్ తొలినాళ్లలో అక్కడ ప్రోగ్రామర్‌గా చేసిన పాల్ డేవిస్ ఆర్డర్ (Ardour) అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఆర్‌ఎంఈ హ్యామర్‌ఫాల్ కార్డుకి ఆల్సా డ్రైవర్ కూడా రాశాడు. ఆ కార్డులో 26 చానళ్లు, ఒక్కోదానికి విడి బఫర్ (శబ్దం తాత్కాలికంగా నిలిచే మెమరీ). అన్ని చానళ్ల శాంపిళ్లనూ (శబ్దపు కొలతల్ని) ఒకే వరుసలో కలిపి పంపే పాత పద్ధతి దానికి సరిపడదు. ఇలాంటి కార్డులు ముందుండబట్టే ఆల్సా గట్టిపడిందని నేననుకుంటాను.

మా కార్డులో ఉన్నది ఎన్వీ24 చిప్. అది రికార్డింగ్‌కు ఎప్పుడూ 12 చానళ్లే ఇస్తుంది: ఎనిమిది అనలాగ్, రెండు డిజిటల్, చివరి రెండు చిప్ లోపలి మిక్సర్ నుంచి వచ్చేవి. ఎనిమిది అడిగితే కుదరదంటుంది, రెండు అడిగినా అంతే. 12 అడిగాను, నడిచింది. 32 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌తో గంటకు దాదాపు 8.3 జీబీ. అక్కర్లేని నాలుగు ట్రాకులు తర్వాత తీసేస్తే సరి. నేరుగా హార్డ్‌వేర్‌ను అడగకుండా ఆల్సాలోనే ఉన్న ‘ప్లగ్’ పొర ద్వారా అడిగితే ఈ గొడవే ఉండదని తర్వాత తెలిసింది. అయితే అప్పుడు మనం అడిగినన్ని చానళ్లుగా అది మార్చి ఇస్తుంది. నాకు మార్పుల్లేని 12 చానళ్లే మేలు.

వినిపించే వైపు ఇంకో చిక్కు. ఆరు స్పీకర్ల 5.1 ఏర్పాటులో ఆల్సా వరుస ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు, ఆపైన మధ్యది, సబ్ వూఫర్. వేవ్ ఫైల్ వరుసలో మధ్యది, సబ్ వూఫర్ ముందొచ్చి, వెనకవి చివర్న ఉంటాయి. ఈ తేడాను ఎవరూ సర్దకపోతే మధ్య స్పీకర్లో రావాల్సిన మాటలు వీపు వెనక నుంచి వినిపిస్తాయి. ఏ చానల్ ఏ స్పీకర్‌దో డ్రైవరే చెప్పే ఏర్పాటు 2012లో గానీ రాలేదు. లైనక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ మాత్రం ఓఎస్‌ఎస్ తరహా పద్ధతిని వదల్లేదు. 2009లో వచ్చిన 8.0లో దానికే మల్టీ చానల్ జోడించింది.

వీటన్నిటికీ అడుగున ఉన్న అసలు సమస్య కాగితాలది. చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే పత్రాలు కంపెనీ ఇస్తే డ్రైవర్ త్వరగా వచ్చేది. ఇవ్వకపోతే వైర్ల మీద పోయే సమాచారాన్ని గమనిస్తూ ఒక్కో ముక్కా ఊహించుకోవాల్సి వచ్చేది. ఫైర్‌వైర్ అనే కేబుల్‌తో కలిపే కార్డుల కోసం ఫ్రీబాబ్, దాని తర్వాత వచ్చిన ఎఫ్‌ఎఫ్‌ఏడీఓ ప్రాజెక్టులవాళ్లు అలా ఏళ్ల తరబడి కష్టపడ్డారు. జీతం లేని పని అది. ఆ తర్వాత మా హరికథలు విడి ట్రాకుల్లో నిలవడానికి ఇలాంటి మనుషులే కారణమని తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది.

యూఎస్‌బీ వచ్చాక పరిస్థితి మారింది. ఆడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే కార్డుకి విడి డ్రైవర్ అక్కర్లేదు. మొదటి ప్రమాణం సెకనుకు 12 మెగాబిట్ల తీగ మీద నడిచేది. 16 చానళ్లను 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌తో పంపాలంటే 18 మెగాబిట్లు దాటుతుంది, పట్టదు. 480 మెగాబిట్ల మీద నడిచే రెండో ప్రమాణం 2006లో వచ్చింది, 2010కి లైనక్స్ దాన్ని అందుకుంది.

మా పాత కార్డు డ్రైవర్ ఇప్పటికీ లైనక్స్‌లో ఉంది. కొత్త మదర్‌బోర్డుల్లో పీసీఐ స్లాటే కరువైంది. అందుకని ఒక పాత కంప్యూటర్‌ను దుమ్ము దులుపుతూ కాపాడుకుంటున్నాం. వచ్చే భారతానికి కూడా దాన్నే తీసుకెళ్తున్నాం.