చిన్న వయసు ఆడవాళ్లకు బైపాస్: అపోహలు - వాస్తవాలు

"నలభై రెండేళ్లే కదా సార్, చిన్న వయసు. ఆపరేషన్ ఇట్టే తట్టుకుంటుంది కదా?" పీలేరు నుంచి వచ్చినా, పలమనేరు నుంచి వచ్చినా, తిరుపతిలో గుండె ఆపరేషన్ వార్డు బయట బంధువులు అడిగేది ఇదే. బైపాస్ అంటే, పూడుకుపోయిన గుండె రక్తనాళాన్ని దాటి రక్తం పారేలా ఒంట్లోని మరో నాళాన్ని తెచ్చి కుట్టడం.

అపోహ: వయసు తక్కువైతే రిస్కూ తక్కువే.

మగవాళ్ల విషయంలో చాలావరకు నిజం. ఆడవాళ్ల విషయంలో కాదు. అమెరికాలో 51 వేల మందికి పైగా బైపాస్ రోగుల లెక్కలు 2002లో వెలువడ్డాయి. యాభై ఏళ్ల లోపు మగవాళ్లలో ఆస్పత్రిలోనే చనిపోయినవాళ్లు 1.1 శాతం, అదే వయసు ఆడవాళ్లలో 3.4 శాతం. మూడింతలు! వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గింది. భయపడుతున్నవాళ్లకు ఒక మాట: వందలో తొంభై ఆరు మందికి పైగా క్షేమంగా ఇంటికి వెళ్లారు. ఈ అంకెలు చెప్పేది ఆపరేషన్ మానుకోమని కాదు, ముందుగా ఒంటిని సిద్ధం చేసుకోమని.

తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో మన చేతిలో ఉన్నది, ఒంట్లో రక్తం తక్కువ కాకుండా చూసుకోవడం. ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్ గొట్టాలు నింపడానికి లీటరు నుంచి లీటరున్నర దాకా సెలైన్ లాంటి ద్రవం పడుతుంది. 75 కిలోల మగమనిషి ఒంట్లో ఐదు లీటర్లకు పైగా రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 14 ఉంటే, ఆ ద్రవం కలిశాక 11 దగ్గర నిలుస్తుంది. 45 కిలోల ఆడమనిషికి ఉండేదే మూడు లీటర్లు. హిమోగ్లోబిన్ 9తో టేబుల్ ఎక్కితే 6కు పడిపోతుంది. కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం అక్కడే. రక్తం ఎక్కించక తప్పదు, దాంతో ఇన్ఫెక్షన్ల బెడదా పెరుగుతుంది. మన దగ్గర చాలా బైపాస్‌లు మిషన్ లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తారు. మధ్యలో బీపీ పడిపోయి మిషన్ పెట్టాల్సి వస్తే మళ్లీ ఇదే లెక్క.

మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. అందుకే యాంజియోగ్రామ్‌లో బైపాస్ అని తేలగానే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), మూడు నెలల సగటు షుగర్ పరీక్షలు అడగండి. ఎమర్జెన్సీ కాకపోతే, సర్జన్ సరేనంటే, రెండు మూడు వారాలు ఆగి నరం ద్వారా ఐరన్ ఎక్కించుకోవచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. ఏది ఎప్పుడు ఆపాలో సర్జన్ చెబుతారు.

రెండో కారణం రక్తనాళాల సైజు. ఆడవాళ్లలో గుండె రక్తనాళం ఒక్కోసారి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కుట్టు కొంచెం బిగిసినా దారి మూసుకుపోతుంది. బైపాస్‌కు రొమ్ము ఎముక వెనక ఎడమవైపు ఉండే ధమనిని వాడుతున్నారా అని అడగండి. పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది తెరిచే ఉంటాయి. కాలి సిరలు అప్పటికి సగం దాకా మూసుకుపోతాయి.

అపోహ: నెలసరి ఆగని వయసులో గుండెనొప్పి రాదు, అది గ్యాసే.

నెలసరి ఆగేదాకా హార్మోన్లు గుండెకు కొంత రక్షణ ఇస్తాయి. షుగర్ ఉంటే ఆ రక్షణ పోయినట్టే. ముప్పై ఐదేళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్నవాళ్లకూ అంతే. నడిస్తే ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, చెమటలు ఉంటే ముందు ఈసీజీ తీయించండి. గ్యాస్ మాత్రలతో నెలలు గడిపి, అటాక్ వచ్చాక అర్ధరాత్రి వస్తే అది ఎమర్జెన్సీ బైపాస్ అవుతుంది. మరణాలు ఎక్కువగా ఉండేది అందులోనే.

అపోహ: పప్పు, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయి.

ఇది శుద్ధ తప్పు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. చీముకు ముఖ్య కారణాల్లో ఒకటి అదుపు తప్పిన షుగర్.

ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా నీళ్ల బిందె ఎత్తొద్దు, చంటిబిడ్డను చంకనేసుకోవద్దు. రొమ్ముల బరువుకు కుట్టు లాగకుండా, ముందు హుక్కులుండే మెత్తటి బాడీ (బ్రా) పగలూ రాత్రీ వేసుకోవాలి. దగ్గితే ఎముక కటుక్కుమన్నా, కుట్టు నుంచి రసి కారినా, జ్వరం వచ్చినా ఊళ్లో ఇంజెక్షన్‌తో సరిపెట్టకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి రండి.